గుర్రపుడెక్క కాగితం మీద జమాఖర్చు

ఈ కాగితం మా పిల్లలు చేసిందే,
సిరా కాస్త పాకుతుంది, ఓర్చుకోండి.
సరస్సుకి ఊపిరాడకుండా అల్లుకున్న గుర్రపుడెక్కని
కోసి, ఉడికించి, దంచి,
దోమతెర చట్రాల మీద ఆరబెడితే ఇదిగో ఇలా వచ్చింది.
మొన్నటిదాకా పడవల్ని కట్టిపడేసిన మొక్క
ఇవాళ మా లెక్కల్ని మోస్తోంది.

నా పేరు పెరెసీ న్యాగుడి.
కిసుము పోస్టాఫీసులో ముప్పైయొక్క ఏళ్ళు
స్టాంపులు లెక్కపెట్టాను.
ఇప్పుడీ యువజన సంఘానికి కోశాధికారిని.
జీతం లేదు. తాళంచెవి ఉంది.

కాకిలెక్కలు రాయను.
అయినా మా ఒడ్డున కాకులకంటే కొంగలెక్కువ,
ఒంటికాలిమీద గంటలకొద్దీ నిలబడి
ఒక్క చేప దగ్గర కూడా పొరబడవు.

జనవరిలో పిల్లలు నలభై ఇద్దరు.
డిసెంబరుకి ముప్పైతొమ్మిది.
నిధులిచ్చేవాళ్ళు పంపిన ఫారంలో
తగ్గినవాళ్ళకి ఒకటే గడి: మానేసినవారు.
ముగ్గుర్నీ అందులో ఎలా ఇరికించను?
అపోండి నర్సింగు చదవడానికి నకురు వెళ్ళింది,
అది మానడమా?
ఒబురా రాత్రి చేపల పడవ ఎక్కాడు,
నాన్న అప్పు తీరేదాకానే అన్నాడు.
చీకట్లో సరస్సు మీద దీపం కదిలితే చాలు
పిల్లలు వేలు చూపిస్తారు, అదుగో మనవాడు అని,
అది ఎవరి దీపమైనా సరే.
మూడో పేరు దగ్గర పెన్ను ఎత్తాను, దించాను.
వాళ్ళమ్మ గురువారాలు వస్తుంది,
వాడి కత్తెర అడిగి తీసుకుంటుంది,
కొంగుతో తుడిచి
తిరిగి ఇచ్చేస్తుంది.

జమ వైపు:
నైరోబీ నుంచి పెద్ద చెక్కు ఒకటి.
దానికి రెండు ఫొటోలు, మూడు సంతకాలు అడిగారు.
డుంగా రేవులో చేపలమ్మే ఆడవాళ్ళు
శుక్రవారం శుక్రవారం బుట్టకో చేప వేశారు.
రసీదు ఇస్తానంటే పడీపడీ నవ్వారు,
చేపకి రసీదేమిటే, ముల్లు దాచుకో అన్నారు.
వాళ్ళ చేతికి ఎముక లేదు,
ఉన్నదంతా చేపకే.
నలభైతొమ్మిది శుక్రవారాలు. మూడు వానలో పోయాయి.
షిల్లింగుల్లోకి మార్చడం నాకు చేతకాలేదు,
శుక్రవారాలు అనే రాసి ఊరుకున్నాను.
ఓగోలా వడ్రంగి వంకర మేకుల్ని సాగగొట్టి ఇచ్చాడు,
టీకొట్టు హలీమా తన పాత డ్రమ్ము ఇచ్చింది,
ఇప్పటికీ మా గుజ్జులో కాస్త యాలకుల వాసన.

ఖర్చు వైపు:
సోడా, చేతి తొడుగులు, తలుపుకి కొత్త బందు.
అడోంగో కళ్ళజోడు ఏ పద్దులో పడుతుందో తెలీక
పనిముట్లు అని రాశాను.
ఆడిటరుగారు అడిగితే చెప్తాను,
కాగితంలో ఏ నార మందంగా ఉందో
ఇప్పుడు అందరికంటే ముందు పట్టేది ఆ పిల్లే.

జూన్ సంగతి నీళ్ళు నమలకుండా చెప్తాను.
ఆరొందల పెళ్ళికార్డులకి బూజు పట్టింది.
తప్పు మాదే, సరిగా ఆరనివ్వలేదు.
పెళ్ళికొడుకు మేకులు కూడా వణికేలా అరిచాడు.
మూడు రాత్రులు మేలుకుని మళ్ళీ చేశారు పిల్లలు,
చేరేసరికి చుట్టాలందరూ వచ్చి కూర్చునే ఉన్నారు,
ఎండకి ఆ కార్డులతోనే విసురుకున్నారు.

ఇక చివరి గడి. ప్రగతి.
ఒక్క వాక్యంలో రాయాలట.
నిరుడు వచ్చినప్పుడు ఒకెల్లో
గోడకి ఆనుకుని, ఎవరూ పేరు అడక్కుండా ఉంటే బావుణ్ణని
నేలకేసి చూస్తూ నిలబడేవాడు.
నిన్న నా భుజం మీదుగా తొంగిచూసి,
పెరెసమ్మా, రెండొందలు ఎక్కువ కూడావు, అన్నాడు.
ముప్పైయొక్క ఏళ్ళ సర్వీసు నాది.
మళ్ళీ కూడాను. మళ్ళీ.
వాడు చెప్పిందే నిజం.
కొట్టేసి దిద్దాను, సిరా పాకి
మొత్తం దగ్గర చేపకన్నంత నల్లటి మచ్చ పడింది.
వేరే కాగితం తెస్తానని వాడే లేచాడు.
వద్దన్నాను.

ప్రగతి అన్నచోట ఇలా రాశాను:
పై మచ్చ చూడుడు.